హీటర్ స్విచ్ మీద నల్ల టేపు

ఏటా దోహాలో చలి తగిలిన మొదటి వారంలో నాకొక ఫోన్ వస్తుంది. చేసేది రాయచోటి వైపు నుంచి వచ్చిన ఒక అక్క. ఇక్కడ ఒక ఖతరీ ఇంట్లో వంట చేస్తుంది, ఆమె భర్త అదే ఇంటికి డ్రైవర్. స్నానాల గదిలో హీటర్ వేసుకోవచ్చా అని అడగడానికి ఆ ఫోన్. నేను వేసుకోమంటే వేసుకుంటుంది. నేను ఎత్తకపోతే, ఎత్తేదాకా చన్నీళ్లే పోసుకుంటుంది. ఆ మాట చెప్పే అర్హత ఈ దేశంలో బొత్తిగా లేని మనిషి ఎవడైనా ఉంటే వాడు నేనే. ఆ సంగతి ఆమెకు తెలియదు.

మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. ఇక్కడ నేను స్టోర్ కీపర్‌ని. భవనాలకు నీళ్ల పైపులు వేసే పని మా కంపెనీది. పొద్దున్నే ప్లంబర్లు నా కిటికీ ముందు వరసగా నిలబడి ఎల్బోలు, యూనియన్లు, వాల్వులు అడిగి తీసుకుపోతారు. ప్రతి వస్తువు పేరు, సైజు, అది ఏ అరలో ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. వాటిలో ఒక్కటీ బిగించడం మాత్రం రాదు. రాదన్న సంగతి నాకు తెలియకపోవడంతోనే వచ్చింది చిక్కంతా.

అప్పట్లో దోహాలోనే అల్ హిలాల్ అనే పేటలో ఉండేవాళ్లం. పాత విల్లాను గోడలు కట్టి ముక్కలు చేసి అద్దెకిచ్చారు. పై అంతస్తులో ఒక గది, చిన్న వంటగది, స్నానాల గది మావి. నేను, నా భార్య, ఎనిమిది నెలల పాప. ఆ జూలైలో షవర్ నీళ్లు సన్నబడ్డాయి. మొదట నేను పట్టించుకోలేదు. వారం తిరిగేసరికి తల మీద సబ్బు కడుక్కోవడానికి పావుగంట పట్టేది. రెండో వారానికి నీళ్లు షవర్ మొహాన్ని పట్టుకుని జారి, గోడ వెంబడి కారిపోయేవి.

ఎండాకాలం ఇక్కడి నీళ్ల సంగతి తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. మిద్దె మీది ట్యాంకు ఎండకు కాగి, చన్నీళ్ల కుళాయి తిప్పితే ఒళ్లు కాలే నీళ్లొస్తాయి. అందుకని ఏప్రిల్ దాటగానే అందరం హీటర్ ఆపేస్తాం. హీటర్ ఏసీ ఉన్న ఇంట్లో గోడకు వేలాడుతూ ఉంటుంది కాబట్టి దాని కడుపులో నిలవ ఉన్న నీళ్లు చల్లబడతాయి. స్నానానికి వేడినీళ్ల కుళాయి తిప్పుకుని ఆ చల్లటి నీళ్లు పోసుకుంటాం. ఎవరైనా అలవాటుకొద్దీ హీటర్ వేశారంటే ఆ కాసిని నీళ్లూ కాగిపోతాయి. అందుకే స్విచ్ మీద నల్ల టేపు అతికిస్తాం. చలి మొదలవగానే పీకేస్తాం. మలయాళీల ఇళ్లలోనైనా నేపాలీల గదుల్లోనైనా ఇదే తంతు. కొత్తగా వచ్చినవాళ్లకు ఒకసారి ఎవరో చెబుతారు, ఆ తర్వాత ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

మా ఇంట్లో సన్నబడ్డది ఆ చల్లటి నీళ్లే. కాలే నీళ్లు మాత్రం కుళాయి తిప్పగానే ధారాళంగా దూకేవి. పాపకు స్నానం చేయించాలంటే బకెట్ నిండేదాకా అరగంట కాచుకోవాలి. చెమటపొక్కులతో పిల్ల ఒళ్లంతా ఎర్రబడింది. మా కంపెనీలోనే పనిచేసే కాకాను పిలవమని నా భార్య రోజూ పోరింది. కాకాది నిర్మల్ దగ్గర. ఇరవై ఏళ్లకు పైగా గల్ఫ్‌లో ప్లంబర్ పని చేసిన మనిషి. ఆయన పొద్దున్నే నా కిటికీ ముందు నిలబడి నన్ను సామాను అడుగుతాడు కదా, నేను పోయి ఆయన్ని మా ఇంటి షవర్ బాగు చేయమని అడగడమేమిటని నాకు పౌరుషం. పైపుల సామానంతా నా చేతిలో ఉండగా ఇంకొకరెందుకు అన్నాను.

ఒక శుక్రవారం కుర్చీ వేసుకుని ఎక్కాను. నా లెక్క ఇలా సాగింది. చన్నీళ్ల వైపు బాగుంది. వేడినీళ్ల వైపు బాగాలేదు. రెంటికీ తేడా హీటర్ ఒక్కటే. కాబట్టి రోగం హీటర్‌లో ఉంది. ఇంతవరకూ తప్పేం లేదు. హీటర్ అడుగున, నీళ్లు లోపలికి పోయే చోట, బొటనవేలంత సేఫ్టీ వాల్వు ఉంది. దాని పక్కన చిన్న ముక్కు. ఆ ముక్కు చివర నుంచి నిమిషానికొక చుక్క కింద పడుతోంది. దొంగ దొరికాడనుకున్నాను. ప్రెషరంతా ఇక్కడే పోతోందని తేల్చేశాను.

ఆ ముక్కుకు మరలున్నాయి. దానికి సరిపోయే ఇత్తడి మూత మా స్టోర్‌లో మూడో అరలో ఉంటుంది. మర్నాడు ఒకటి జేబులో వేసుకొచ్చాను. హీటర్‌కు నీళ్లొచ్చే వాల్వు కట్టేసి, మూత బిగించి, వాల్వు మళ్లీ విప్పి, వెళ్లి షవర్ తిప్పాను. నీళ్లు మొహం మీద చెళ్లున కొట్టాయి. చల్లగా, నిండుగా. నా భార్య పాపను తీసుకొచ్చి షవర్ కింద పట్టుకుంటే అది కిలకిలా నవ్వింది. ఆ పూట నేను నేల మీద నడవలేదు.

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఆదివారం స్టోర్ కిటికీ దగ్గర కాకాకు గొప్పగా చెప్పుకున్నాను. ఆయన చేతిలో సామాను పట్టుకుని చివరిదాకా విన్నాడు. మెచ్చుకుంటాడని చూశాను. ఆయన నవ్వలేదు.

"నీళ్లొచ్చే వాల్వు కట్టేసినవా?" అని అడిగాడు.

కట్టేశానన్నాను.

"మల్ల విప్పినవ్ గదా. పూరాగ విప్పినవా?"

పూర్తిగానే విప్పానన్నాను.

"గంతే బిడ్డా. గది ఇంతకుముందు ఎవడో సగమే విప్పి పోయిండు. సున్నం పేరుకొని గా సగం గూడ మూసుకపోయింది. నువ్వు తిప్పినవ్, సాఫైంది, నీళ్లొచ్చినయ్. నీ మూతతోని ఏం గాలే."

మొహం మీద కొట్టినట్టయింది. వెనక వరసలో ఉన్నవాళ్లు వింటున్నారేమోనని చూసుకున్నాను. కాకా అది గమనించి కిటికీకి ఇంకొంచెం దగ్గరగా వంగాడు.

"నీళ్లు కాగితే ఉబ్బుతయ్. ఎనక్కి పోకుండ లోపల నాలిక ఉంటది. ఉబ్బిన నీళ్లు బయటికి పోనీకి గా ముక్కు ఒక్కటే తొవ్వ. నువ్వు గదే మూసినవ్. హీటర్ బందున్నది గాబట్టి సరిపోయింది. చలికాలం రాకముందే తీసెయ్యి. మరువకు."

సరేనన్నాను. నిజంగానే తీసేద్దామనుకున్నాను. ఆ సాయంత్రం ఇంటికి పోయి కుర్చీ వేశాను కూడా. తీరా చూస్తే, మూత తీసిన తర్వాత మళ్లీ చుక్కలు పడితే నా భార్య ఏమంటుందోనని మనసు వెనక్కి లాగింది. చలి రావడానికి ఇంకా నాలుగు నెలలుంది. హీటర్ స్విచ్ మీద అప్పటికే ఒక టేపు ఉంది. దాని మీద మరో రెండు పొరలు అడ్డంగా, నిలువుగా బిగించి అతికించాను. ఇది చూస్తే నాకే గుర్తొస్తుంది, ఇంకెవరూ పొరపాటున కూడా వేయరు అనుకుని కుర్చీ దిగాను.

అక్టోబరులో మా స్టోర్ ముషైరిబ్ దగ్గరికి మారింది. మేమూ ఫరీజ్ బిన్ మహమూద్‌లో ఒక ఫ్లాట్ చూసుకున్నాం. అల్ హిలాల్ గదులు ఖాళీ అవుతున్నాయని తెలిసి అక్క అడిగింది. ఈ మొగుడూ పెళ్లాలిద్దరూ బయట వేరే ఇల్లు తీసుకుని ఉండొచ్చని వాళ్ల మేడమ్ కొత్తగా ఒప్పుకుంది. నా భార్యకు కాన్పయినప్పుడు వాళ్లమ్మకు వీసా రాక మేం దిక్కుతోచకుండా ఉంటే, ఈ అక్కే డ్యూటీ అయ్యాక రోజూ వచ్చి పత్యం వండిపెట్టి, పాపకు నీళ్లు పోసి వెళ్లేది. నెల రోజులు వచ్చింది. ఒక్క రియాల్ ముట్టలేదు. ఆమెకు మంచి ఇల్లు ఇప్పిస్తున్నానని నాకెంత సంతోషమో చెప్పలేను.

తాళాలిచ్చిన రోజు ఇల్లంతా తిప్పి చూపించాను. వంటగది కిటికీ గడియ ఎలా బిగించాలో చెప్పాను. ఏసీ రిమోట్ ఏ మూల నుంచి నొక్కితే పని చేస్తుందో చూపించాను. చివరికి స్నానాల గదిలోకి తీసుకుపోయి షవర్ తిప్పి, ప్రెషర్ చూడక్కా, నేనే బాగు చేశానన్నాను. ఆమె చెయ్యి పెట్టి చూసి మురిసిపోయింది. నా తలకు రెండు మూరల పైన ఆ మూత ఉంది. నేను కళ్లెత్తి చూడలేదు. గొప్ప చెప్పుకోవడానికి నోరొచ్చింది కానీ చెప్పాల్సిన మాటకు రాలేదు. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది.

డిసెంబరులో ఒక శుక్రవారం పొద్దున గాలి మారింది. కిటికీ తీస్తే చెవులు చల్లబడ్డాయి. పాపకు తలంటి పోయాలి, హీటర్ వెయ్యమని నా భార్య వంటగది నుంచి చెప్పింది. కొత్త ఇంట్లో స్విచ్ మీద పాత అద్దెదారులు అతికించిన నల్ల టేపు ఉంది. గోటితో గీకి పీకాను. అది వేళ్లకు చుట్టుకుంది. విదిలించినా వదల్లేదు. దాన్ని చూస్తూ అలాగే నిలబడిపోయాను.

ఇది నాకెవరూ చెప్పలేదు. ఇవాళ చలి వచ్చింది కాబట్టి టేపు పీకాను. దోహాలో ఇవాళ పొద్దున ఎన్ని ఇళ్లలో ఇదే పని జరిగి ఉంటుందో! మూడు పొరలు అతికించి హెచ్చరిక పెట్టానని నేననుకున్నాను. చూసినవాళ్లకు అది ఎండాకాలం టేపు. చలి వస్తే పీకేసేది. అక్కకు గల్ఫ్‌లో ఇది తొమ్మిదో ఏడు, ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

వెంటనే ఆమెకు ఫోన్ చేశాను. రింగయి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మేడమ్ ఇంట్లో ఫోన్ మోగకూడదని అక్క ఎప్పుడూ సైలెంట్‌లో పెడుతుందని నాకు తెలుసు, అయినా చేస్తూనే ఉన్నాను. ఆమె భర్త ఫోన్ బిజీ. కారు తాళాలు తీసుకుని లుంగీ మీదే బయటికి ఉరికాను. ఏమైందని నా భార్య మెట్ల దాకా వచ్చి అడిగితే, మూత అన్న ఒక్క మాటే నోటినుంచి వచ్చింది.

శుక్రవారం పొద్దున రోడ్లన్నీ ఖాళీ. దుకాణాలు మూసి ఉన్నాయి. పది నిమిషాల దారి. సిగ్నల్ దగ్గర ఎర్ర దీపం పడితే, అడ్డంగా ఒక్క బండి కూడా రాకపోయినా అది పచ్చబడదు. ఆ దీపం కింద కూర్చుని కాకాకు ఫోన్ చేశాను. ఆయన క్యాంప్‌లో బట్టలు ఉతుక్కుంటున్నాడు. సంగతి చెప్పగానే నీళ్ల చప్పుడు ఆగింది.

"ముందుగాల బోర్డు మీద కరెంటు బంద్ చెయ్యి. బాత్‌రూమ్‌ల అడుగు వెట్టకు. కుళాయిలు ముట్టకు. ఆమెను బయటికి తీసుకురా. నేనొస్తున్న." తిట్టలేదు. తిట్టి ఉంటే నాకింత భయం వేసేది కాదు.

విల్లా ముందు కారు ఆపి తల పైకెత్తి చూశాను. స్నానాల గది చిన్న కిటికీ అద్దం చెక్కుచెదరలేదు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. తలుపు కొట్టాను. లోపలి నుంచి జవాబు లేదు. ఆ నిమిషం ఎంతసేపో నాకు తెలియదు. రెండోసారి కొట్టేలోగా గడియ తీసిన చప్పుడయింది. అక్క, చేతికి పిండి.

"ఏం నాయినా, ఇంత పొద్దన్నే వచ్చినావే? లోపలికి రా. ఇదో, హీటర్ కూడా ఏసినా. మీ బావ మేడమును కూరగాయల మార్కెట్టుకు తీస్కపోయినాడు, వచ్చినాక తలకు పోసుకుంటాడని తెల్లారుజామునే ఏసి పెట్టినా. నీళ్లు బాగా కాగనీలే."

తలుపు పక్కనే ఉన్న బోర్డు తెరిచి మీటలన్నీ కిందికి కొట్టేశాను. ఫ్రిజ్ ఆగింది. ఇల్లు నిశ్శబ్దమైంది. అప్పుడు వినబడింది, స్నానాల గదిలోంచి. టిక్కు. కాసేపాగి మళ్లీ టిక్కు. తలుపు ఓరగా ఉంది. గోడ మీది హీటర్ కింద, స్టీలు అల్లిక గొట్టం బిగించిన చోట, సన్నని ఆవిరి బుస్సుమంటూ గోడను తడుపుతోంది. దాని కిందే అక్క భర్త కోసం పెట్టిన పీట, చెంబు, కుంకుడు రసం గిన్నె.

ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను. పిండి నా చేతికీ అంటుకుంది. తలుపు వేసేసి ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. హీటర్ ఎందుకో పాడైందనిపించిందక్కా, కాకా వస్తున్నాడు, అప్పటిదాకా లోపలికి పోవద్దన్నాను. ఎందుకనిపించిందని ఆమె అడగలేదు. పాప నడుస్తోందా, పళ్లొచ్చాయా, చలికి స్వెట్టర్ అల్లాలా అని అడుగుతూ కూర్చుంది. నేను అవునంటున్నాను, కాదంటున్నాను. చెవులు మాత్రం తలుపు దగ్గరే ఉన్నాయి. టిక్కులు దూరదూరంగా వినబడుతున్నాయి. వాటిని లెక్కపెడుతూ, ఒకటి వినబడ్డాక ఇంకొకటి వినబడేదాకా ఊపిరి తీయకుండా ఉన్నాను.

కాకా రావడానికి ముప్పావుగంట పట్టింది. ఈలోగా ఆమె భర్తా వచ్చాడు. కాకా మమ్మల్ని ముగ్గుర్నీ మెట్ల కిందికి పొమ్మని, ఒక్కడే లోపలికి పోయి అదే హీటర్‌కు కలిసిన వంటగది వేడినీళ్ల కుళాయిని దూరం నుంచి రెంచీతో కొద్దికొద్దిగా తిప్పాడు. మెట్ల కింద ఉన్న మాకు కూడా వినబడింది. కుళాయి కీచుమని అరిచింది. ఆ తర్వాత చాలాసేపు బుసబుసలు. కాసేపటికి కాకా బయటికొచ్చాడు. చొక్కా తడిసిపోయి ఉంది.

"వాల్వు పాతది. ఖరాబైంది. కొత్తది ఎయ్యాలె" అని అక్క భర్తతో చెప్పాడు. నన్ను పక్కకు పిలిచి, ఆ ఇత్తడి మూత నా చేతిలో పెట్టాడు. ఇంకా వేడిగానే ఉంది.

"లోపల కరెంటు ఆపే థర్మోస్టాట్ గూడ పని చేస్తలేదు. ఇంకొంచెం సేపైతే గోడ గూడ ఉండకపోవు." చొక్కా కొస పిండుకున్నాడు. "ఆమెకు నువ్వే చెప్పు బిడ్డా. నేను చెప్పుడు బాగుండది."

చెప్పడానికే మెట్లెక్కాను. దేవుడి సాక్షిగా చెప్పడానికే ఎక్కాను. నేను నోరు తెరిచేలోగా ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. పీట వేసి పెట్టిన చోటు అప్పుడే చూసొచ్చిందట. కళ్లనిండా నీళ్లు.

"ఆయప్ప ఆడే కూచోని పోసుకునేవాడు నాయినా. నీకు ఆ దేవుడే చెప్పి పంపించినాడు. నా పసుపుకుంకుమ నిలబెట్టినావు."

జేబులో మూత తొడకు వెచ్చగా తగులుతోంది. నేను ఏమీ అనలేదు. అలాంటప్పుడు మాట్లాడకపోతే ఒప్పుకున్నట్టే. ఆమె నాకు అన్నం పెట్టింది. తిన్నాను కూడా. సిగ్గులేకుండా రెండోసారి పెట్టించుకుని తిన్నాను, వద్దంటే ఎందుకని అడుగుతుందేమోనని.

ఆ తర్వాత మూడు చలికాలాలు వచ్చాయి. అక్కావాళ్లు ఇల్లు మారారు. ఆ కొత్త ఇల్లు, అక్కడి హీటర్ నేను కంటితో చూడలేదు. అయినా ఫోన్ వస్తూనే ఉంది. తెలుగువాళ్లు నలుగురు కలిసిన చోటల్లా ఆమె ఈ కథ చెబుతుంది, మనుషులు నా వంక మర్యాదగా చూస్తారు. కాకా రిటైరై నిర్మల్ పోయాడు. పోయే ముందు కిటికీ దగ్గర, చెప్పినవా అని ఒక్కసారి అడిగాడు. చెబుతానన్నాను. ఆయన తలూపి సామాను తీసుకుపోయాడు. నా భార్యకు మొదటి రోజే అంతా చెప్పాను. ఆమె చాలాకాలం పోరింది. ఈమధ్య పోరడం మానేసింది. అదే నాకు ఎక్కువ బాధగా ఉంటుంది.

మొన్న మళ్లీ గాలి మారింది. సాయంత్రం ఫోన్ మోగింది. ఈసారి చెప్పేయాలని గట్టిగా అనుకునే ఎత్తాను. ఎలా మొదలుపెట్టాలో కూడా ముందే అనుకుని పెట్టుకున్నాను.

"నాయినా, చలి మొదులైంది. మీ బావ టేపు తీస్తానంటే నేనే ఆపినా, తమ్ముణ్ణి అడక్కుండా వద్దని. నువ్వు చెప్తేనే నాకు ధైర్నం. ఏసుకోనా?"

వాల్వు ముక్కు నుంచి చుక్కలు పడుతున్నాయా అని అడిగాను. పడుతున్నాయంది. పడుతుంటే మంచిదే, దాన్ని ఎప్పుడూ ఎవరినీ మూయనివ్వకు అన్నాను. ఎందుకని ఆమె అడిగి ఉంటే చెప్పేవాడిని. ఆమె అడగలేదు. సరే నాయినా అంది.

"వేసుకో అక్కా. ఏం కాదు" అన్నాను.

నా భార్య తువ్వాలు మడత పెడుతూ అంతా వింది. నా వంక ఒకసారి చూసి, పాపను స్నానానికి రమ్మని పిలుచుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.